మోడెం భాషలో ఒక సెకను

1981లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో డెనిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ నడిపిన చిన్న సంస్థ ఫోన్ లైన్ మీద కంప్యూటర్లను మాట్లాడించే స్మార్ట్‌మోడెం అనే పెట్టెను అమ్మకానికి పెట్టింది. సెకనుకు 300 బిట్ల వేగం అప్పటికే పాతబడింది. కొత్తదనమంతా ఫోన్ ఎత్తడం, నంబరు కలపడం, పెట్టేయడం కంప్యూటర్ పంపే మామూలు అక్షరాలతోనే జరిగిపోవడంలో ఉంది. అంతకుముందు చాలామంది నంబరు చేత్తో తిప్పి, రిసీవరును రబ్బరు కప్పుల్లో బోర్లించేవారు. డబ్బున్న సంస్థలైతే డయలింగ్ కోసమే బెల్ 801 లాంటి వేరే యంత్రాన్ని, దానికి వేరే కేబుల్‌ను పెట్టుకునేవి. హేస్ ఆదేశాలు నిలిచిపోవడానికి అసలు కారణం వాటిలోని మాటలు కావని, ఒకే తీగలో వచ్చే అక్షరాల్లో ఆదేశమేదో సమాచారమేదో విడదీసిన పద్ధతేనని నా అభిప్రాయం.

దాదాపు ప్రతి ఆదేశమూ ‘ఏటీ’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది. అవి ‘అటెన్షన్’కు పొడి అక్షరాలే గానీ, వాటితో మోడెం చేసే పని చాలా పెద్దది. ప్రతి అక్షరానికీ ముందు ఒక సున్నా బిట్ వస్తుంది. ‘ఏ’లో దాని వెంటనే వచ్చేది ఒకటి. కాబట్టి ఆ తొలి సున్నా ఎంతసేపు నిలిచిందో కొలిస్తే కంప్యూటర్ ఏ వేగంతో మాట్లాడుతోందో తెలిసిపోతుంది. ‘ఏ’లో ఒకట్లు రెండు, ‘టీ’లో మూడు. ఒకటి సరి, ఒకటి బేసి కనుక ప్యారిటీ (సరి-బేసి తనిఖీ బిట్ అమరిక) కూడా అక్కడే తేలుతుంది. ఆ తర్వాత ‘డీ’ అంటే డయల్, దాని పక్కన ‘టీ’ అయితే టోన్, ‘పీ’ అయితే పల్స్. మధ్యలో కామా పెడితే మామూలుగా రెండు సెకన్లు ఆగుతుంది. రిటర్న్ మీట నొక్కేదాకా మోడెం వరుసను దాచుకుని, అప్పుడు అమలుచేస్తుంది.

అసలు చిక్కు లైన్ కలిశాక వస్తుంది. అప్పుడు మోడెంకు ప్రతి అక్షరమూ అవతలికి పంపాల్సిన సరుకే. మరి ‘పెట్టేయ్’ అని చెప్పడమెలా? ఇకపై వచ్చేది ఆదేశమని చెప్పే గుర్తుగా మూడు ప్లస్‌లను పెట్టారు. కానీ అవి మాత్రమే పంపితే చాలదు, అవి ఏ ఫైలులోనైనా ఉండొచ్చు. అందుకే హెదరింగ్టన్ ఆ మూడింటికీ ముందొక సెకను, వెనకొక సెకను నిశ్శబ్దం ఉండాలన్నాడు. ఎడతెగకుండా పారే ఫైలు మధ్యలో అలాంటి ఖాళీ రావడం అరుదు. ఈ ఉపాయానికి 1985లో అమెరికా పేటెంటు దక్కింది.

దీనికోసం ఇంత ఆలోచన అక్కర్లేదని, సీరియల్ కేబుల్‌లో డీటీఆర్ అనే తీగ ఉందిగా, దాన్ని దించితే లైన్ తెగుతుందిగా అని అనవచ్చు. నిజమే. కానీ ఆ తీగ చెప్పగలిగింది ఉన్నాను, లేను అన్నంతవరకే. లైన్ తెగకుండా మోడెం అమరిక మార్చాలంటే అది చాలదు. పైగా మూడు తీగలతో సరిపెట్టుకున్న కేబుళ్లలో అది ఉండేదే కాదు. ఇంకొందరు ఇదంతా మార్కెట్ బలమేనంటారు. సాఫ్ట్‌వేర్లన్నీ హేస్ పద్ధతికే రాశారు కనుక మిగతా తయారీదారులు అనుసరించక తప్పలేదన్నది వారి వాదన. అందులో చాలా నిజముంది. అయితే మార్కెట్ ఆ మాటలనే మోసింది, నిశ్శబ్దాన్ని కాదు. పేటెంటు రుసుము తప్పించుకోవాలని కొందరు తయారీదారులు 1990ల్లో ఆ సెకనును తీసేసి, మూడు ప్లస్‌ల వెనుక సరైన ‘ఏటీ’ ఆదేశం వస్తే చాలన్నారు. ఫలితం 1990ల చివర్లో ఇంటర్నెట్‌లో తేలింది. ఎవరైనా ఒక పింగ్ ప్యాకెట్‌లో మూడు ప్లస్‌లు, లైన్ పెట్టేసే ఆదేశం దాచి పంపితే, అందుకున్న కంప్యూటర్ మర్యాదగా అదే సమాచారాన్ని తిరిగి పంపేది. దారిలో దాని సొంత మోడెం అది తనకే చెప్పారనుకుని లైన్ కోసేసేది. వాడుకునేవారికి కారణమే తెలిసేది కాదు.

1998లో హేస్ సంస్థ దివాలా తీసింది, భాష మాత్రం అప్పటికే అంతర్జాతీయ ప్రమాణమైంది. జీఎస్ఎం ఫోన్లు దాన్నే తీసుకుని పెంచుకున్నాయి. మన ఇంజనీరింగ్ కళాశాలల ప్రాజెక్టుల్లో వాడే సిమ్900 అనే జీఎస్ఎం మాడ్యూల్ ఎస్సెమ్మెస్ పంపడానికి నేటికీ ‘ఏటీ’ వరుసే అడుగుతుంది. నంబరు ఇచ్చాక అది ఒక బాణం గుర్తు చూపి, అక్కడినుంచి వచ్చేదంతా సందేశంగానే రాసుకుంటుంది. సందేశం ఎక్కడ ముగిసిందో చెప్పడానికి ఈసారి నిశ్శబ్దాన్ని నమ్ముకోలేదు, మామూలు వాక్యంలో ఎవరూ టైపు చేయని కంట్రోల్-జెడ్‌ను ఎంచుకున్నారు.