కట్టడము ముందు, పటము వెనుక

కాలిఫోర్నియా తీరమున సముద్రగర్భ భ్రంశరేఖల అన్వేషణ

1906 ఏప్రిల్ 18వ తేదీ తెల్లవారుజామున శాన్‌ఫ్రాన్సిస్కో నగరము భూకంపమునకు కూలి, పిమ్మట రేగిన మంటలకు ఆహుతియైన తరువాత, ఆ ఉత్పాతమునకు మూలమేదో తేల్చుటకై కాలిఫోర్నియా రాష్ట్రము నియమించిన సంఘమువారు, ఆండ్రూ లాసన్ అను భూగర్భశాస్త్రజ్ఞుని ఆధ్వర్యమున కొండలెక్కి లోయలు దిగి, తెగిన కంచెలను, త్రోవ తప్పిన వాగులను ఒక్కొక్కటిగా కొలిచి, శాన్ ఆండ్రియాస్ భ్రంశము నేలను చీల్చిన జాడను వందల కిలోమీటర్ల పొడవున పటమునకెక్కించిరి. టొమాలీస్ అఖాతపు తలభాగమున ఒక బాట నడుమ తెగి, దాని రెండవ సగము సుమారు 6 మీటర్లు పక్కకు జరిగియుండుటను గూడ వారు గుర్తించిరి. కాని ఆ భ్రంశరేఖ నగరమునకు దక్షిణమున మసెల్ రాక్ అనుచోట సముద్రమున దిగి, ఉత్తరమున బొలినాస్ కడ మరల నేలకెక్కును. ఆ నడిమి భాగమున కొలుచుటకు కంచెయు లేదు, బాటయు లేదు. రెండు కొసలను ఊహతో కలుపుట తప్ప వారు చేయగలిగినదేమియు లేకపోయెను. ఆనాటి కంపము మొదలైన చోటు ఆ నీటి క్రింది భాగముననే యున్నదని తరువాతి పరిశోధకులు నిర్ణయించిరి.

శిలాస్తరములు తెగి, తెగిన అంచు వెంబడి ఇరుపక్కల భాగములు ఒరసికొనుచు కదలుచోటును భ్రంశమందురు. నేలపై దానిని పట్టుకొనుటకు కన్నులు, కాళ్లు, కొలతగొలుసు చాలును. సముద్రమున ఆ మూడును పనికిరావు. అదియు గాక, ఏరులు తెచ్చు ఒండ్రు ఏటేట అడుగున పరచుకొని పాత గాయములను పూడ్చివేయును. మంచుయుగపు చివర సముద్రమట్టము పెరుగుచు వచ్చినప్పుడు అలలు తీరపు అంచులను కోసి చదును చేసినవి. కనుక సముద్రపు అడుగు చదునుగా నున్నదని, దాని క్రింది శిల అఖండముగా నున్నదని తలచుట కేవలము భ్రమ. 1927 నవంబరు 4న మధ్య కాలిఫోర్నియా తీరమున లాంపాక్ పట్టణమునకు పడమర, సముద్రగర్భమున ఇంచుమించు 7 పరిమాణముగల భూకంపము పుట్టి, సుమారు 2 మీటర్ల ఎత్తు అలను సర్ఫ్ అను రేవుపైకి తరిమినది. అది ఏ భ్రంశముపై పుట్టినదో చూపుటకు నాడు పటమే లేదు. ఆ వివాదము అర్ధశతాబ్దము గడచిన తరువాత గూడ సాగుచునే యుండెను.

ధ్వని చూపిన దారి

కంటికి అందని ఆ లోకమును చెవికి అందించినది చమురు వర్తకము. 1921లో ఓక్లహోమా రాష్ట్రమున జాన్ కార్చర్ ప్రభృతులు నేలలో మందుగుండు పేల్చి, లోపలి శిలాస్తరములను తాకి తిరిగివచ్చు తరంగములను నమోదుచేసిన పద్ధతియే కొంతకాలమునకు నౌకలకెక్కినది. నౌక నెమ్మదిగా సాగుచుండగా దాని వెనుక నీటిలో ఒక ధ్వనిజనకము నియమిత కాలమున కొకమారు చప్పుడు చేయును. మొదట ఆ పనికి డైనమైటు వాడిరి, 1960వ దశకము నుండి గాలిని బిగించి ఒక్కుమ్మడిగా వదలు ఎయిర్ గన్నులు వచ్చినవి. ఆ ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగమున దిగి, కొంత అడుగును తాకి, మిగిలినది ఇంకను లోతుకు పోయి ఒక్కొక్క శిలాస్తరమును తాకి మరలివచ్చును. నౌక వెనుక సాగు పొడవైన తీగకు కట్టిన హైడ్రోఫోనులు దానిని వినును. రాకపోకల కాలమే లోతునకు కొలమానము.

అట్లు నమోదైన కాగితపు చుట్టను బల్లపై పరచినచో స్తరములు ఒకదానిపై నొకటి నల్లని చారలుగా కనబడును. ఆ చారలు ఒకచో చటుక్కున ఆగి, ఆవలిపక్క వేరు ఎత్తున మరల మొదలైనయెడల, పూతరేకుల దొంతరను నిలువున కోసి ఒక సగమును క్రిందికి జార్చినట్లుండును; భ్రంశమున్నది అక్కడనే. అడ్డముగా కదలు భ్రంశమైనచో ఎత్తున తేడా రాకపోవచ్చును గాని, ఇరుపక్కల స్తరముల మందము, పోకడ పొంతన కుదరవు. అయితే ఒక నౌకాయానము ఒక కోతను మాత్రమే చూపును. సమాంతరముగా పలుమారులు పోయి వచ్చి, ఈ కోతలోని తెగుడు పక్క కోతలోని తెగుడేనా యని తర్కించి, బిందువులను కలిపినప్పుడే గీత యేర్పడును. కోతల నడుమ ఎడము పెరిగిన కొలది ఆ గీతలో శాస్త్రము తగ్గి సాహసము పెరుగును.

చమురువారి గీత, విద్యుత్తువారి కొలిమి

ఈ విద్యతోనే షెల్ చమురు కంపెనీకి చెందిన హాస్కిన్స్, గ్రిఫిత్స్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు మధ్య కాలిఫోర్నియా తీరమునకు ఆవల చమురు నిలిచియుండు తావులను వెదకుచు, తీరమునకు ఇంచుమించు సమాంతరముగా సాగిన ఒక దీర్ఘ భ్రంశమును గుర్తించి, అమెరికను పెట్రోలియం భూగర్భశాస్త్రజ్ఞుల సంఘము 1971లో ప్రచురించిన గ్రంథమున దానిని వర్ణించిరి. వారిరువురి పేర్ల మొదటి భాగములు కలిపి దానికి పిమ్మట హాస్‌గ్రి యని నామకరణము జరిగినది.

కాని ఆ గీతకు ఎదుట, ఒడ్డున, డయాబ్లో కాన్యన్ అనుచోట పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ అప్పటికే అణువిద్యుత్కేంద్రమును కట్టుచుండెను. 1968లో మొదటి రియాక్టరుకు, 1970లో రెండవదానికి నిర్మాణానుమతి లభించినది. ఆ కంపెనీ భూకంపభయమెరుగనిది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరమున బొడేగా హెడ్ కడ తలపెట్టిన కేంద్రమును, పునాదిగోతిలోనే భ్రంశము బయటపడగా, 1964లో విడిచిపెట్టినదియు ఆ కంపెనీయే. అందుచేత డయాబ్లో కడ నేలపై కందకములు త్రవ్వించి శోధించిరి. 75 కిలోమీటర్లకు పైగా దూరముననున్న శాన్ ఆండ్రియాసును లెక్కలోనికి తీసికొనిరి. తూర్పున కొండల ఆవలి ముప్పును చూచిన దృష్టి, పడమట 5 కిలోమీటర్ల దూరమున నీటి క్రిందనున్న ముప్పుపై పడలేదు.

అటుపిమ్మట జరిగినది పదునాలుగేండ్ల ప్రాయశ్చిత్తము. అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ ఆ భాగమును తానుగా శోధించి, హాస్‌గ్రిపై 7.5 పరిమాణపు భూకంపము రాగలదని భావించి తీరవలెనని 1976లో తేల్చినది. గురుత్వత్వరణములో 0.4 వంతు అదురును తట్టుకొనునట్లు రచించిన కట్టడము 0.75 వంతును తట్టుకొనగలదా యని మరల పరీక్షించి, గొట్టములకు, యంత్రములకు కొత్త ఊతములు అమర్చవలసివచ్చెను. ఆ పని ముగిసి 1981 సెప్టెంబరులో పరిమిత అనుమతి చేతికందిన కొలది వారములకే, జంటగానున్న రెండు రియాక్టరులు ఒకదానికొకటి అద్దములోని ప్రతిబింబమువలె అమరియుండగా, ఒకదాని పటమును మరియొకదానికి అన్వయించి కొన్ని ఊతములను లెక్కగట్టినట్లు బయటపడి, నవంబరులో ఆ అనుమతి నిలిచిపోయినది. తుదకు మొదటి రియాక్టరు 1985లోను, రెండవది 1986లోను వాణిజ్యోత్పత్తికి వచ్చినవి.

చిన్న కంపములు గీసిన రేఖ

ఇంతటితో పటము పూర్తియైనదని తలచినవారికి 2008లో మరియొక పాఠము లభించినది. కంపెనీయు సర్వేక్షణ సంస్థయు కూడి సాగించిన పరిశోధనలో భాగముగా జీన్ హార్డెబెక్ అను శాస్త్రజ్ఞురాలు, మనుష్యులకు తెలియనైనను తెలియని చిన్న చిన్న కంపముల నమోదులను చేతబట్టి, వాని పరస్పర స్థానములను నవీన గణనముతో సవరించి చూడగా, చెల్లాచెదరుగా కనబడిన చుక్కలు సన్నని వరుసగా కూడుకొన్నవి. నౌక లేక, ఎయిర్ గన్ను లేక, భూమి తన కదలికతో తానే చూపిన ఆ భ్రంశమునకు షోర్‌లైన్ అని పేరు వచ్చినది. అది రియాక్టరులకు సుమారు 600 మీటర్ల దూరముననే పోవుచున్నది. దానిపై 6.5 పరిమాణపు భూకంపము రాగలదని అంచనా వేసి, దాని అదురు హాస్‌గ్రికై చేసిన లెక్కకు లోబడియే యుండునని కంపెనీ 2011 జనవరిలో నివేదించినది. రెండు నెలలు తిరుగకముందే జపాను తీరమున ఫుకుషిమా అణుప్రమాదము సంభవించి, లెక్కల యందలి విశ్వాసమును లోకమంతట పలుచనచేసినది.

మరింత లోతునకు చూడవలెనన్న మరింత పెద్ద చప్పుడు కావలెను. శక్తిమంతమగు ఎయిర్ గన్నులతో త్రిపరిమాణ సర్వే చేయుదుమని కంపెనీ కోరగా, ఆ ధ్వనికి తిమింగిలములు, పోర్పాయిసులు, సముద్రపు నీటిపిల్లులు హింసపడునని, తమ వేట చెడునని మత్స్యకారులును ప్రకృతిప్రియులును వాదించిరి. కాలిఫోర్నియా తీర సంఘము 2012 నవంబరులో ఆ కోర్కెను త్రోసిపుచ్చినది. మనుష్యుల రక్షణకు వలసిన జ్ఞానమును మూగజీవుల చెవులు చెల్లించవలసిన మూల్యముతో తూచవలసివచ్చిన అరుదైన ధర్మసంకటమది. అల్పశక్తి ధ్వనులతో చేసిన సర్వేలతోనే పని గడుపుకొనవలసివచ్చెను.

ఆశ్చర్యమేమనగా, హాస్‌గ్రి వేగమును చెప్పిన సాక్ష్యము లోతుల నుండి గాక పై తలము నుండి దొరకినది. కాలిఫోర్నియా ప్రభుత్వము తీరపు అడుగునంతటిని బహుకిరణ ధ్వనిమాపకములతో పటమునకెక్కించుచుండగా, ఎస్టెరో అంతరీపము సమీపమున, సుమారు 70 మీటర్ల లోతున, ఒక ప్రాచీన తీరపు ఇసుకవాలు భ్రంశమునకు అడ్డముగా పడియుండి రెండుగా తెగి కనబడినది. సుమారు 12,000 ఏండ్ల క్రిందట, సముద్రమట్టపు పెరుగుదల మందగించిన వేళ, అలలు తీర్చిన వాలు అది. శామ్యూల్ జాన్సన్ మరియు సహచరులు దాని రెండు ముక్కల ఎడమును కొలువగా ఇంచుమించు 30 మీటర్లు తేలినది. అనగా సాలుకు 2.6 మిల్లీమీటర్లు, 0.9 అటునిటుగా. 1906లో లాసన్ బృందము తెగిన బాటను కొలిచిన న్యాయమే యిది. కొలతగొలుసునకు బదులు ధ్వని వచ్చినది.

ఈ వృత్తాంతము మనకు దూరపుది కాదు. 2004 డిసెంబరు 26న సుమత్రా, అండమానుల పొంత సముద్రగర్భము వేయి కిలోమీటర్లకు మించి చీలగా లేచిన అలలు ఆంధ్రతీరపు మత్స్యకారులను గూడ బలిగొన్నవి. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడ తీరమున అణువిద్యుత్కేంద్రమును నెలకొల్పు ప్రతిపాదన ఏండ్ల తరబడి చర్చలోనున్నది. డయాబ్లో రియాక్టరులను 2025 నాటికి మూసివేయవలెనని ఒకమారు నిశ్చయించి, విద్యుత్తు కొరతకు వెరచి, 2030 వరకు నడుపుకొనుటకు వీలుగా కాలిఫోర్నియా రాష్ట్రము 2022లో శాసనము చేసినది. కావున హాస్‌గ్రి పటమును సవరించు పనియు ఆగలేదు. సముద్రము క్రింది పటము ఏనాటికిని సంపూర్ణము కానేరదు గనుక, అది పూర్తియగు వరకు ఏమియు కట్టరాదనుట వివేకము కాదు. కాని చమురుకై పోయిన నౌక పునాదులు పడిన తరువాత భ్రంశమును బయటపెట్టు దుస్థితి మాత్రము తప్పించుకొనదగినది. ఒడ్డున మొదటి ఇటుక పేర్చుటకు ముందే ఆవలి అడుగును శోధించి, దొరకిన గీతలను, గీతల నడుమ మిగిలిన ఖాళీలను గూడ ప్రజల యెదుట పరచుట కట్టువారి ధర్మము. ఆ పటమును చూపుమని అడుగుట తీరవాసుల హక్కు.