దండు కాదు, ఆకలి

తెలుగులో మిడతలు ఎక్కువైతే దాన్ని మంద అనం, ‘దండు’ అంటాం. దండంటే సైన్యం. సైన్యానికి ఓ గమ్యం ఉంటుంది, నడిపేవాడుంటాడు, గెలవాలన్న కోరిక ఉంటుంది. మిడతల దండుకి ఇవేవీ లేవు. మరి దాన్ని నడిపేదేమిటి?

జవాబు వైపు తొలి అడుగు 1921లో పడింది. అంతవరకూ ఒంటరిగా తిరిగే మిడత ఒక జాతి, దండుగా కదిలేది మరో జాతి అనుకునేవారు. రెండూ ఒకటేనని బోరిస్ ఉవరోవ్ తేల్చాడు. గుంపు చిక్కబడితే అదే పురుగు రంగూ రూపూ నడతా మార్చుకుంటుంది. అంటే ఈ సైన్యం ఎక్కణ్ణించో దిగిరాలేదు, పొలంగట్టు మీది మిడతే సైనికుడైంది.

ఇక అమెరికాకి వెళ్దాం. 1848లో యూటాలో కొత్తగా స్థిరపడిన మార్మన్ల పంటల మీద, రెక్కలున్నా ఎగరలేని ఓ పురుగు విరుచుకుపడింది. దానికి ‘మార్మన్ క్రికెట్’ అన్న పేరు అలా వచ్చిందే. సముద్రపక్షులు వచ్చి వాటిని తినేశాయని చెప్పుకుంటారు. ఆ పక్షులకి సాల్ట్ లేక్ సిటీలో 1913లో స్మారకస్తంభం కూడా కట్టారు. పక్షులకి స్తంభం దక్కింది గానీ, పురుగులు ఎందుకు నడిచాయన్నది తెలియడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఏడాది స్టీఫెన్ సింప్సన్, గ్రెగరీ సోర్డ్, వారి సహచరులు ఓ ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. నడుస్తున్న గుంపుకి రకరకాల ఆహారం అందిస్తే, పురుగులు కోరుకున్నవి మాంసకృత్తులూ ఉప్పూ. మాంసకృత్తులు కడుపునిండా దొరికినవి నడక తగ్గించాయి. ఆ రెండూ దండిగా ఉన్న తిండి వాటికి అతి దగ్గర్లోనే ఉంది: పక్కన నడిచే పురుగు! ఆగితే వెనకదాని నోట్లో పడాలి. ముందుకి నడిస్తే తినడానికి ముందున్నది దొరకొచ్చు. అదీ ఆ కవాతు రహస్యం. ఎడారి మిడత పిల్లల్లోనూ ఇలాంటిదే 2008లో కనిపించింది. వెనకనించి కొరికితే తెలియకుండా నరం తెంచితే, అవి నడక తగ్గించాయి, మిగతావాటికి ఆహారమయ్యాయి.

అయితే ఆకలి అన్ని పురుగులకీ ఒకటి కాదు. చైనాలోని ఇన్నర్ మంగోలియాలో పెరిగే ఓ వలస మిడతకి నత్రజని, అంటే మాంసకృత్తుల సరుకు, తక్కువున్న గడ్డే పడుతుంది. బలమైన గడ్డి తింటే అది సరిగా ఎదగదు. గొర్రెల్ని అతిగా మేపిన చోట గడ్డిలో నత్రజని తగ్గి, ఆ మిడతకి విందు సిద్ధమవుతుందని 2012లో ఏరియన్ సీస్ బృందం చూపించింది. అక్కడ మందని వదిలింది మనిషే, నేలని పీల్చిందీ మనిషే.

‘దండు’ అన్న మాటతో ఉన్న చిక్కు ఇక్కడే. శత్రువు దాడి చేశాడంటే మనకి తోచేది మందు చల్లడమొక్కటే. ఆకలి కదిలిందంటే మాత్రం, ఆ నేల మీద ఏం పెరుగుతోంది, దాన్నలా చేసిందెవరు అని అడగాల్సి వస్తుంది. మందు చల్లడం కంటే ఈ ప్రశ్న కష్టం. అడగక తప్పనిదీ ఇదే.