కుందేలు కాలికి కట్టు, మన మోకాలికి నడక

ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం. ఆ సందర్భంగా మోకాలి చరిత్ర రాసివ్వమని పత్రిక అనుబంధం వాళ్ళు గడువు పెట్టారు. ఐఐటీ, ఐసర్ వచ్చాక తిరుపతి దగ్గరి ఏర్పేడులో సాయంత్రం ఆటలకు కొదవలేదు. ఆటలో కాలు మెలిపడితే మాత్రం పెద్దవాళ్ళ మాట ఇప్పటికీ ఒకటే: రేణిగుంట మీదుగా పుత్తూరుకు పో నాయనా!

సుశ్రుతుడు ఎముక విరగడాన్నీ కీలు తప్పడాన్నీ వేరుచేసి చెప్పాడు. ఇప్ప, మేడి, రావి, మోదుగ పట్టలతో, వెదురుతో కట్టమన్నాడు. ఆ కట్టు చలికాలంలో 7 రోజులకు, ఎండల్లో 3 రోజులకు మార్చాలట. ఆ తర్వాత వందల ఏళ్ళపాటు మన వైపు మోకాలి ఊసు నాకు దొరికింది తిరుమల దారిలోనే. కొండమీద పాదం మోపడానికి మనసొప్పక రామానుజులు మోకాళ్ళతో ఎక్కారని చెప్పే మోకాళ్ళ పర్వతం అది. మర్నాడు ఆయన మోకాళ్ళు ఎలా ఉన్నాయో ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక నాకు ఇష్టమైన ఘట్టం. పుత్తూరు పక్కన రాచపాలెంలో 1881 ప్రాంతంలో కేశవరాజు అనే ఆయన అడవికి వెళ్ళాడట. కాళ్ళు విరిగిన కుందేలు చేజిక్కితే, కూర మీద ఆశతో ఏవో ఆకుల్లో చుట్టి ఇంటికి తెచ్చాడట. మూట విప్పగానే కుందేలు పరుగో పరుగు! కూర పోయింది, వైద్యం దొరికింది. ఆకులు నూరిన పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ పట్టీలు, వెదురు బద్దలు: ఇదే పుత్తూరు కట్టు. విరిగిన ఎముక ఒక్కపూటలో అతకదని తెలిసినా ఆ కుందేలును కాదనబుద్ధి కాదు. తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా జనాన్ని పుత్తూరుకు రప్పించింది అదే కదా.

కాకపోతే ఆ కథ ఎముకది. బెణికిన మోకాలిలో దెబ్బ తగిలేది ఎముకలను పట్టి ఉంచే లిగమెంటుకు. 1895లో ఇంగ్లండులోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే సర్జన్, ఓ గని కార్మికుడి మోకాలి లోపలి రెండు లిగమెంట్లనూ కుట్టాడు. అక్కణ్నుంచి లెక్క చిక్కుపడింది. 1978లో గేబ్ మిర్కిన్ అనే డాక్టరు ఇలాంటి దెబ్బలకు విశ్రాంతి, ఐసు అన్నాడు. ఐసు వల్ల గాయం మానడం ఆలస్యమవుతుందేమోనని తర్వాత తనే వెనక్కి తగ్గాడు. 2019లో వచ్చిన కొత్త సూత్రం పేరు ‘పీస్ అండ్ లవ్’. మా ఇళ్ళలో చింతపండు, ఉప్పు పట్టు మాత్రం మారలేదు.

ఇప్పుడు నిలిచిన మాట ఇది. మొదటి రెండు మూడు రోజులు కాలికి పని తగ్గించి, క్రేప్ బ్యాండేజి కట్టి, ఎత్తులో పెట్టుకోవాలి. తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడవాలి, తొడ కండ బిగించే వ్యాయామం చేయాలి. వారాల తరబడి బిగించి ఉంచితే ఆ కండే సన్నబడుతుంది. పక్క లిగమెంటు కాస్త సాగితే మానడానికి ఒకటి నుంచి మూడు వారాలు, కొంత చిరిగితే నెల దాటొచ్చు. లోపలి ముందు లిగమెంటు పూర్తిగా తెగి, ఆపరేషన్ చేయించుకుంటే ఆటకు తొమ్మిది నెలలైనా ఆగాలి.

పడ్డప్పుడు ‘టప్’మని శబ్దం వచ్చినా, గంటల్లోనే వాచినా, నాలుగు అడుగులు వేయలేకపోయినా, కాలు పట్టు తప్పుతున్నా ముందు తిరుపతిలో ఎముకల డాక్టరుకు చూపించండి. పుత్తూరు ఎక్కడికీ పోదు.