కొత్త ఇంటిలో స్నానపు గది - మన పూర్వుల అనుభవం

మారిషస్ దీవిలో మనవాళ్లు కొత్త ఇల్లు తలపెట్టినప్పుడు ముందుగా ముందుగది, దేవుని గది, వంటిల్లు గీయించుకుంటారు. మిగిలిన మూల స్నానపు గదికి పోతుంది. ఈ అలవాటు మార్చుకోవడం మంచిదని మా అభిప్రాయం. తలుపు వేసుకొని స్నానం చేసే సౌకర్యం మన పెద్దలకు ఈ గడ్డమీద చాలా ఆలస్యంగా దక్కింది.

1834 నవంబరు 2న అట్లాస్ ఓడ ఒప్పంద కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. అది మొదలు 1920 వరకు దాదాపు 5 లక్షలమంది ఈ రేవులో దిగినారు. కోరంగి రేవు పేరుమీదనే తెలుగువారికి ఇక్కడ కొరంగివారు అనే పిలుపు వచ్చింది. నేడు ఆప్రవాసీ ఘాట్ అని మనం పిలిచే వలస కేంద్రంలో వంటశాల, ఆసుపత్రి, మరుగుదొడ్ల ఆనవాళ్లు ఇంకా ఉన్నవి. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

తోటలకు చేరినవారికి గడ్డి గుడిసెలు, వరుస గదులే నివాసం. నీళ్లకు ఏరో కాలువో దిక్కు. ఆడవారు తెల్లవారకముందో, చీకటి పడ్డాకనో స్నానం ముగించుకోవలసిన బ్రతుకు. 1854లో కలరా, 1867లో మలేరియా వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నవి. మలేరియాను మోసేది దోమ అని 1897లో సికింద్రాబాదులో కనుగొన్న రోనాల్డ్ రాస్, 1907లో ఈ దీవికే వచ్చి పరిశీలన జరిపినాడు. నిలువనీటిని తీసివేయడమే నివారణకు మార్గమని ఆయన బోధ. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని మలేరియా లేని దేశంగా గుర్తించింది.

1960లో కొద్ది వారాల వ్యవధిలో వచ్చిన అలిక్స్, కరోల్ తుపానులు గడ్డి ఇండ్లను, రేకుల ఇండ్లను కూల్చివేసినవి. ఆ తరువాత కాంక్రీటు ఇండ్లు పెరిగినవి. గట్టి కప్పుమీద నీటి ట్యాంకు నిలిచింది. స్నానం క్రమంగా పెరటినుండి ఇంటిలోకి వచ్చింది.

కనుక ఇల్లు కట్టేవారు ఈ సంగతులు గమనింతురు గాక. నేల మీటరుకు 2 సెంటీమీటర్లు తూము వైపు వాలుగా ఉండాలి. నీరు ఎక్కడా నిలువరాదు. ట్యాంకుకు గట్టి మూత, దోమ చొరని వల ఉండాలి. నలుగు, తలంటి మనకు పండుగ ఆచారాలు. నూనె పడిన నున్నని పలకలమీద ముసలివారు జారుతారు, గరుకు పలకలే వేయించండి. పీట వేసుకొని కూర్చునే చోటు విడవండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే లోనికి తెరిచే తలుపుకు వారే అడ్డమవుతారు. పట్టుకొనే కడ్డీలు బోలు ఇటుకలో నిలువవు. పలకలు అతికించకముందే ఆ చోట్లు కాంక్రీటుతో నింపించండి. ఎత్తున ఒక కిటికీ పెడితే మరుగు దక్కుతుంది, తడి ఆరుతుంది. ఉమ్మడి కుటుంబమైతే మరుగుదొడ్డి వేరుగా ఉండటం మేలు. ఉగాది ఉదయాన ఎవరూ ఎవరికోసమూ కాచుకోనక్కరలేదు.

వీటిలో ఎక్కువ భాగం ముందే ఆలోచిస్తే పెద్ద ఖర్చు కాదు. తరువాత పగులగొట్టి చేయిస్తేనే భారం. ప్లాను గీయించేనాడు ఇంటిలోని అమ్మమ్మను, తాతయ్యను పక్కన కూర్చోబెట్టుకొని వారికి ఏమి కావాలో అడగండి.