కౌలు రైతు కనిపించని కోట

హాస్య రచనలో వర్గ స్వభావాన్ని వెదకడం రసభంగమని మన విమర్శకులలో కొందరి అభిప్రాయం. పి.జి. వుడ్‌హౌస్ ప్రసక్తి వచ్చినప్పుడు ఈ మాట మరీ గట్టిగా వినిపిస్తుంది. ఇంగ్లీషు చదువుకున్న తెలుగు మధ్యతరగతిలో ఆయన అభిమానులకు కొదవ లేదు. 1915లో వెలువడిన ‘సమ్‌థింగ్ ఫ్రెష్’ నవలతో మొదలై, ఆయన 1975లో మరణించేనాటికి అసంపూర్ణంగా మిగిలిన నవల దాకా సాగిన బ్లాండింగ్స్ కోట కథలను బి.బి.సి. 2013, 2014 సంవత్సరాలలో హాస్య ధారావాహికగా ప్రసారం చేసింది. కథాకాలం 1929. ఎమ్స్‌వర్త్ వంశపు తొమ్మిదో ఎర్ల్‌గా టిమొతీ స్పాల్, ఆయనను అదిలించే చెల్లెలుగా జెన్నిఫర్ సాండర్స్ నటించారు. చూసినవారు హాయిగా నవ్వుకున్నారు. నవ్వు రావడంలో తప్పేమీ లేదు. ఆ కోట చరిత్రలో ఎక్కడ నిలబడి ఉన్నదన్నదే మన ప్రశ్న.

వుడ్‌హౌస్‌కు పనివారి లోకం తెలియదనడం అన్యాయం. తండ్రి హాంగ్‌కాంగ్‌లో మేజిస్ట్రేటు. పిల్లవాడు ఇంగ్లండులో మేనత్తల, పినతల్లుల ఇళ్ళలో పెరిగాడు. పెద్ద భవంతులకు వారి వెంట వెళ్ళినప్పుడు నౌకర్ల గదిలో కూర్చుని టీ తాగిన అనుభవం ఆయనకుంది. అందుకే ‘సమ్‌థింగ్ ఫ్రెష్’లో నౌకర్ల మధ్య ఉండే అంతస్తులను, ఎవరి వెనుక ఎవరు నడవాలి, ఎవరు ఎక్కడ భోంచేయాలి అన్న మర్యాదలను అంత నిశితంగా రాయగలిగాడు. దొరల వర్ణవ్యవస్థ వంటింటిదాకా ఎలా దిగుతుందో చూపిన పుటలవి. బట్లరు బీచ్, తోటమాలి మెకాలిస్టర్, పందుల కాపరి వెల్‌బిలవ్డ్ సజీవ పాత్రలు. ‘లార్డ్ ఎమ్స్‌వర్త్ అండ్ ది గర్ల్ ఫ్రెండ్’ కథలో లండన్ నుంచి పల్లె గాలికి వచ్చిన పేదపిల్ల గ్లాడిస్‌కోసం ఎర్ల్ తన తోటమాలినే ఎదిరిస్తాడు. పూలు కోసుకోనిస్తాడు. ఈ కథలన్నిటిలోనూ అంత ఆర్ద్రమైనది మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇంతమంది ఉన్న ఆ లోకంలో ముఖ్యుడొకడు లేడు. కౌలు కట్టే రైతు లేడు. ఎర్ల్ తింటాడు, పందిని పెంచుతాడు, మేనల్లుళ్ళు అప్పులడుగుతారు, చెల్లెళ్ళు పెళ్ళిళ్ళు కుదురుస్తారు. ఈ డబ్బు ఏ పొలం నుంచి వచ్చిందో కథకు పట్టదు. 1870ల తరువాత అమెరికా ధాన్యం దిగుమతులతో అక్కడి వ్యవసాయం దెబ్బతిన్నది. 1894లో వారసత్వపు పన్ను వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత భూములు పెద్ద ఎత్తున అమ్ముడుపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో అలాంటి భవంతులు వందల సంఖ్యలో నేలమట్టమయ్యాయి. బ్లాండింగ్స్‌కు మాత్రం పెంకు కూడా కదలదు. వుడ్‌హౌస్ మొదటి ప్రపంచయుద్ధానికి ముందటి కాలంలోనే ఆగిపోయాడని జార్జ్ ఆర్వెల్ 1945లోనే గుర్తించాడు.

పుస్తకంలో కోట ష్రాప్‌షైర్‌లో ఉంది. కెమెరాకు నిజమైన గోడలు కావాలి గనుక ధారావాహికను ఉత్తర ఐర్లండు, ఫెర్మానా జిల్లాలోని క్రోమ్ కోటలో చిత్రించారు. ఎర్న్ సరస్సు ఒడ్డున, 1830లలో ఎడ్వర్డ్ బ్లోర్ అనే వాస్తుశిల్పి రూపకల్పనలో లేచిన భవనమది. దానికి దగ్గరలోనే పదిహేడవ శతాబ్దపు పాత కోట శిథిలాలు ఉన్నాయి. ఐరిష్ తెగనాయకుల భూములను జప్తు చేసి ఇంగ్లండు, స్కాట్లండుల నుంచి వచ్చినవారికి పంచిన రోజులలో వెలసిన కోట అది. కొత్త భవనం ఎర్న్ ప్రభువులది. మూడవ ఎర్ల్ ఆఫ్ ఎర్న్‌కు ఐర్లండులో దాదాపు 40 వేల ఎకరాలుండేవి. అందులో దూరాన మేయో జిల్లాలో ఉన్నది రెండువేల ఎకరాల పైచిలుకు మాత్రమే. అక్కడ ఆయన తరఫున కౌలు వసూలు చేసిన ఏజెంటు పేరు కెప్టెన్ ఛార్లెస్ బాయ్‌కాట్.

పేరు చదివిన వెంటనే పాఠకునికి సంగతి స్ఫురించి ఉంటుంది. 1879లో పంటలు పోయాయి. అదే ఏట మైకేల్ డేవిట్ ప్రభృతులు ల్యాండ్ లీగ్ స్థాపించారు. 1880లో ఎర్న్ ప్రభువు కౌలు నూటికి పది తగ్గిస్తానన్నాడు. రైతులు పాతిక తగ్గించమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. సెప్టెంబరు 22న బేదఖలు నోటీసులు ఇవ్వడానికి వచ్చిన కోర్టు మనిషిని ఆడవాళ్ళు బురద, పేడ విసిరి తరిమారు. మరునాడు జనం వచ్చి బాయ్‌కాట్ ఇంటి నౌకర్లను, పొలం కూలీలను పని మానమన్నారు. కమ్మరి రాలేదు. చాకలిది రాలేదు. అంగళ్ళవారు సరుకులివ్వలేదు. కెప్టెను కుటుంబమే పశువులకు మేత వేసుకోవలసి వచ్చింది. పంట తీయడానికి నవంబరులో కావన్, మొనహన్ జిల్లాల నుంచి 50 మంది ఆరెంజ్ సంఘం మనుషులు వచ్చారు. వారికి కాపలాగా వెయ్యిమంది దాకా సైనికులు, పోలీసులు. సుమారు 500 పౌండ్ల పంట తీయడానికి పదివేల పౌండ్లు ఖర్చయిందని ఆనాటి లెక్క. నవంబరు నెలాఖరుకు బాయ్‌కాట్ ఆ ఊరు విడిచిపోయాడు. వెలివేయడానికి ఇంగ్లీషులో ఉన్న పెద్ద మాట రైతులకు అర్థం కాదని, కెప్టెను పేరునే క్రియగా వాడితే పోతుందని సూచించినవాడు ఫాదర్ జాన్ ఒమాలీ అని అమెరికన్ విలేఖరి రెడ్‌పాత్ రాశాడు. 1928లో మనవాళ్ళు సైమన్ కమిషన్‌ను బాయ్‌కాట్ చేసినప్పుడు వాడిన మాట అదే.

ఇప్పుడు బ్లాండింగ్స్ కథలలో ప్రసిద్ధమైన పంది కథను మళ్ళీ చదవండి. పందుల కాపరి తాగి జైలుకు పోతాడు. పంది మేత మానేస్తుంది. ఎర్ల్‌కు నిద్ర పట్టదు. ఏ పిలుపుతో పందిని పిలవాలో ఆయనకు తెలియదు, ఆ విద్య కూలివానిది. పనివాడొకడు పద్నాలుగు రోజులు లేకపోతే కోట అంతా తల్లకిందులవుతుందని రచయిత స్పష్టంగా చూశాడు. హాస్యమంతా అక్కడినుంచే పుట్టింది. కాకపోతే వెల్‌బిలవ్డ్ తాగి పోయాడు, తలచి మానలేదు. మేయో కూలీలు తలచి మానారు. సన్నివేశం ఒకటే. ప్రభువు అసహాయతా ఒకటే. బ్లాండింగ్స్ హాస్యం ఆ అసహాయతను అమాయకత్వంగా మార్చి మన సానుభూతిని ప్రభువు వైపు తిప్పుతుంది. ఎమ్స్‌వర్త్ ఎవరినీ కొట్టడు, ఎవరినీ బేదఖలు చేయడు, అందుచేత పాఠకుడు అతని భూమిని గురించి అడగడు. ఈ నేర్పును శిల్పమని మెచ్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అది వస్తువును కూడా నిర్ణయిస్తున్నదని మరవకపోతే చాలు.

గడీని చూసిన తెలంగాణ పాఠకునికి ఇది పరాయి విషయం కాదు. 1978లో జగిత్యాల ప్రాంతపు పల్లెల్లో చాకలి, మంగలి, పాలేర్లు దొరలకు పని మానినప్పుడు జరిగింది మేయోలో జరిగిందే. ఇదే ఆయుధాన్ని 1991లో చుండూరులో పెత్తందారీ కులాలు దళితుల మీద వాడాయి, ఆ వెలి చివరకు హత్యాకాండకు దారితీసింది. ఆయుధం ఎవరి చేతిలో ఉన్నదో చూడకుండా దాని గుణం చెప్పలేం.

ఇక క్రోమ్ సంగతి. 1881 నుంచి వచ్చిన భూచట్టాలు, ముఖ్యంగా 1903 నాటి విండమ్ చట్టం, ఐరిష్ కౌలు రైతులను క్రమంగా భూయజమానులను చేశాయి. 1920 తరువాతి మూడు నాలుగేళ్ళలో దక్షిణాన అనేక ప్రభువుల భవంతులు తగలబడ్డాయి. క్రోమ్ సరిహద్దుకు ఉత్తరాన పడి మిగిలింది. 1987లో ఎస్టేటు నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది, కోట మాత్రం ఎర్న్ వంశంవారిదే. కోటలో ఒక భాగాన్ని పెళ్ళిళ్ళకూ విడిదికీ అద్దెకిస్తున్నారు. ఒకనాడు కౌలు వసూళ్ళతో నడిచిన ఆ ఇంటికి, కౌలన్నదే లేని బ్లాండింగ్స్ కోట వేషం వేయించడానికి బి.బి.సి. కెమెరాలు వెళ్ళింది ఆ తరువాతే.