మా తాతగారి ఇస్త్రీ పెట్టె

జావా భాషలో 'బటోక్' అనగా కొబ్బరి చిప్ప. మలయ్ భాషలో 'బుకిట్' అనగా కొండ. కొబ్బరిచెట్లు పెరిగిన కొండ గనుక బుకిట్ బటోక్ అనే పేరు వచ్చిందని కొందరు చెబుతారు. దగ్గు అనే అర్థం గల మలయ్ మాట నుండి వచ్చిందని మరికొందరంటారు. మాకు మాత్రం మొదటి కథే ఇష్టం. ఎందుచేతనంటే, ఈ ఊరిలోని మా ఫ్లాటులో దొరికిన ఒక వస్తువు ఒకప్పుడు కొబ్బరి చిప్పల బొగ్గుతోనే పనిచేసినది.

నాన్నగారు కాలం చేసిన తరువాత సామాన్ల గది సర్దుతుండగా, గోనెసంచిలో చుట్టిన ఇత్తడి ఇస్త్రీ పెట్టె బయటపడింది. మూత గొళ్ళెం మీద చిన్న కోడిపుంజు బొమ్మ, ప్రక్కల గాలి రంధ్రాలు, పైన కర్రపిడి. తూచితే 3.5 కిలోలు. ఇటువంటి కోడి పెట్టెలు మలయా, జావా ఇళ్ళలో విరివిగా వాడేవారు. మలయ్ వారు ఇస్త్రీ పెట్టెను 'సెతెరికా' అంటారు. మన మాటకు ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి!

నాన్నగారు దానిని పారవేయలేదు, ఎవరికీ చూపించనూ లేదు. కారణం మాకు తెలుసు. విశాఖ జిల్లా నుండి వచ్చిన మా తాతగారు చాకలి వృత్తివారు. నాన్నగారు గుమాస్తా ఉద్యోగంలో చేరిన తరువాత ఆ మాట మా ఇంట వినబడలేదు. "తాతగారు వ్యాపారం చేసేవారు" అని మాకు నేర్పారు. మేమూ ఏళ్ళ తరబడి అదే చెప్పాము.

కాని సింగపూరు నగరం ఆ వృత్తిని దాచలేదు. 19వ శతాబ్దంలో బెంగాలు, మద్రాసు ప్రాంతాల నుండి వచ్చిన చాకలివారు బ్రాస్ బాసా వాగులో బట్టలుతికి, ప్రక్కనున్న మైదానంలో ఆరవేసేవారు. అందుకే ఆ చోటు ధోబీ ఘాట్ అయింది. 1987లో అక్కడ తెరచిన రైలు స్టేషనుకూ అదే పేరు. మద్రాసు రాజధాని అంటే ఆ రోజుల్లో గంజాం నుండి తిరునల్వేలి దాకా. ఆ ఒక్క మాటలో మన జిల్లాలన్నీ ఇమిడిపోయాయి.

విద్యుత్ ఇస్త్రీ పెట్టెకు అమెరికాలో 1882లోనే పేటెంటు ఇచ్చారు. అయినా కరెంటు లేని పల్లెల్లో బొగ్గుల పెట్టె చాలాకాలం నిలిచింది. గృహనిర్మాణ సంస్థ 1960లో ఏర్పడి, జనం ఫ్లాటులకు మారిన కొద్దీ అది మూలపడింది.

మా పెట్టెను బాగుచేయడానికి నెల పట్టింది. బిగిసిన బందులకు రోజూ కొబ్బరినూనె చుక్కలు వేశాము. చింతపండు, ఉప్పు కలిపి తోమితే చిలుము వదిలింది. లోపలి ఇనుప జల్లెడ త్రుప్పు తిని ఉంటే, దాని కొలతకు క్రొత్తది చేయించాము. పిడి మార్చమని వడ్రంగి సలహా ఇచ్చాడు. తాతగారి బొటనవ్రేలు ఆని అరిగిన పల్లం దాని మీద ఉన్నది. దానిని మార్చలేదు.

తరువాత జొహోరులో ఉన్న మా మేనత్తగారింటికి తీసుకుపోయాము. తొంభై ఏళ్ళ ఆమె పెరటిలో కూర్చుండి ఆజ్ఞలిచ్చింది. చిప్పల బొగ్గు కణకణలాడేదాకా ఉండమంది. "బూడిద ఊదేటప్పుడు గుడ్డ దూరంగా పెట్టు" అంది. కాలిన అడుగును అరటి ఆకు మీద ఒకసారి రుద్దించింది. అప్పుడు గంజి పెట్టిన పంచె మీద పెట్టె నీటిమీద పడవలా సాగింది. తొందరపడి ఒకచోట మేము కొద్దిగా మాడ్చాము.

అత్తగారు నవ్వి, "మీ తాత ఒక్కరి బట్టైనా కాల్చలేదురా" అన్నది. ఆమె నోట ఆ పని గురించి విన్న మొదటి మాట అదే. ఆ రోజు సాయంత్రమంతా ఆమె చెప్పినది వ్రాసుకున్నాము. ఏ ఇంటి బట్టలకు ఏ గుర్తు పెట్టేవారో, వానాకాలం ఎలా ఆరబెట్టేవారో అన్నీ ఆమెకు గుర్తే.

ఇప్పుడు ఆ పెట్టె మా ముందు గదిలో ఉన్నది. మనుమలు అడిగితే, "మా తాతగారు చాకలివారు, ఇది ఆయన పనిముట్టు" అని చెబుతున్నాము. సోదర సోదరీమణులారా, మీ ఇళ్ళలోనూ ఇటువంటి మూటలు ఉండవచ్చు. పెద్దలు ఉండగానే విప్పి చూడండి.