చదువుకి పూచీ ఎవరిది?



ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం రోజులూ మన వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా ఒకటే మాట వినపడుతుంది. “సీటు సంగతి సరే, ఫీజు మాటేమిటి?” అని. మగవారు కాగితం మీద లెక్కలు వేస్తారు, మనం బీరువా వైపు చూస్తాం. బీరువాలో ఏముందో మనకి తెలియదా? రెండు జతల గాజులు, ఒక గొలుసు, పిల్ల పెళ్ళికని దాచిన నాలుగు కాసులు. అంతలో ఇంట్లో ఎవరో ఒకరు, “బాంకులో ఎడ్యుకేషన్ లోను తీసుకుంటే పోలేదా?” అంటారు.

చదువు కోసం అప్పు చెయ్యడం ఈ కాలంలో పుట్టుకొచ్చిన వింతేం కాదు. మన పెద్దల నాడూ ఉంది. ఆ అప్పుకి పూచీ ఎవరన్నదే కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. ఈవేళ ఆ కథే చెప్పుకుందాం. కథ తెలిస్తే, రేపు బాంకు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు దేనికి పెడుతున్నామో తెలుస్తుంది.

మన తాతల కాలంలో పల్లెటూరి కుర్రాడు పట్నం వెళ్ళి చదువుకోవాలంటే వారాలు చేసుకునేవాడు. ఏడు రోజులకి ఏడు ఇళ్ళు. సోమవారం ఒకరింట భోజనం, మంగళవారం మరొకరింట. ఇది దానం అనుకునేవారేగాని అప్పు అనుకునేవారు కాదు. నిజానికి ఆ భోజనం ఖర్చు మోసింది ఎవరు? ఆ ఏడిళ్ళ ఆడవాళ్ళు. ఉన్న బియ్యంలోనే ఇంకో గిద్దెడు పోసి, తమ వాటా కాస్త తగ్గించుకుని వడ్డించారు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఈ వారాలు అందరు పిల్లలకీ దొరికేవి కావు. కులం చూసి పీట వేసేవారు. కొందరిని గుమ్మం కూడా ఎక్కనిచ్చేవారు కాదు. ఆడపిల్ల వారాలు చేసుకోవడమన్నది ఊహలోనే లేదు.

భోజనం దొరికితే సరిపోయిందా? ఫీజో! 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి సంగతి మీరు వినే ఉంటారు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. పరీక్ష ఫీజు 3 రూపాయలు ఎక్కడా పుట్టక, ఆ తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి కట్టారు. ఆ నాటి ఎడ్యుకేషన్ లోను అంటే అదే మరి. అప్పు కొడుకుది, తాకట్టు అమ్మది.

అమ్మ చీరతో అయ్యే పని కాకపోతే మామగారి సంచీ ఉండేది. పిల్లనిచ్చేవారు అల్లుడి చదువు కూడా చెప్పించడం మన వైపు మామూలే. భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారికి మామగారే అండగా నిలిచారు. అమెరికా ప్రయాణానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కూడా సాయం చేసింది. హార్వర్డ్ లో చదివి, మందుల పరిశోధనలో ప్రపంచానికి మహోపకారం చేశారాయన. కాని మళ్ళీ స్వదేశానికి రాలేదు. 1948లో అక్కడే కన్నుమూశారు. ఇక్కడ ఆయన భార్య ఎదురుచూస్తూనే ఉండిపోయింది. ఆ చదువు విలువని తక్కువ చెయ్యడానికి ఈ మాట అనడం లేదు. దాని ఖరీదులో ఏ పద్దులోనూ ఎక్కని భాగం ఒకటుందని అంటున్నాను. ఆ రోజుల్లో అల్లుడి చదువుకి దొరికిన డబ్బు కూతురి చదువుకి దొరికేది కాదు.

మరి చదువుకునే మనిషి తన పేరునే అప్పు తీసుకునే పద్ధతి ఎప్పుడు మొదలైంది? 1892లో జంషెడ్జీ టాటాగారు విదేశాల్లో పైచదువుల కోసం ఒక నిధి పెట్టారు. ఊరికే ఇవ్వకుండా, చదువయ్యాక తిరిగి కట్టాలన్న షరతుతో ఇచ్చారు. తిరిగొచ్చిన డబ్బుతో ఇంకొకరు చదువుకోవాలని ఆయన ఆలోచన. మనం సంతోషించవలసిన విషయమేమిటంటే, మొట్టమొదట ఆ సాయం అందుకున్నవారిలో ఫ్రెనీ కామా అనే లేడీ డాక్టరు ఉన్నారు. తరవాత రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ గారు కూడా 1945లో టాటా సాయంతోనే లండన్ వెళ్ళి చదువుకున్నారు.

డబ్బుకి బదులు కొలువు చేసి తీర్చే అప్పూ ఉండేది. 1913లో బరోడా మహారాజా సాయంతో అంబేద్కర్ గారు అమెరికా వెళ్ళారు. నెలకి పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళు ఇచ్చారు. బదులుగా పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేస్తానని ఆయన ఒప్పందం రాసిచ్చారు. మాట ప్రకారం 1917లో బరోడా వచ్చారు. అంటరానివాడని ఊళ్ళో తలదాచుకోవడానికి చోటివ్వలేదు. దిగిన సత్రం నుంచి కూడా వెళ్ళగొట్టారు. అప్పు తీరుద్దామని వచ్చినవాణ్ణి తీర్చనివ్వని లోకం అది. ఆయన వైస్రాయి కౌన్సిల్ సభ్యుడుగా ఉండగానే, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకి మెట్రిక్ తరవాత చదువులకి ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. అవి తిరిగి కట్టనక్కర్లేదు. ఎందరి ఇళ్ళలోనో మొదటి పట్టభద్రుడు ఆ డబ్బుతోనే తయారయ్యాడు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1963లో, కేంద్ర ప్రభుత్వం జాతీయ రుణ స్కాలర్‌షిప్పులని ఒక పథకం పెట్టింది. వడ్డీ లేని అప్పు. ఇందులో ఒక చక్కని ఏర్పాటుంది. అప్పు తీసుకున్నవాడు పంతులుగా ఉద్యోగం చేస్తే, చేసిన ప్రతి ఏడాదికీ అప్పులో పదోవంతు మాఫీ. పదేళ్ళు పాఠం చెబితే అప్పు మొత్తం చెల్లు! అయితే మిగతావారి దగ్గర వసూలు సరిగా జరగలేదు. పోయిన డబ్బు తిరిగి రాక, 1991లో ఆ పథకం ఆపేశారు. టాటాగారు అనుకున్నట్టు ఒకరు కడితే ఇంకొకరు చదవాలి. కట్టకపోతే నష్టపోయేది వెనక వరసలో నిలబడ్డ పిల్లలే.

అప్పటికి ప్రైవేటు కాలేజీల కాలం వచ్చేసింది. 1993లో మన రాష్ట్రం పేరు మీదే నడిచిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు, ఆ కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు అంది. ఆ రెండు మాటలూ తెలుగువారి ప్రతి ఇంట్లోనూ నలిగాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే నా చదువు పదో తరగతితో ఆగింది. ఇంట్లో ఒక్కరి ఫీజుకే డబ్బుంది, అది మా అన్నయ్యకి వెళ్ళింది. దీనికి నేనెవరినీ నిష్ఠూరమాడను. అప్పట్లో మాలాంటివాళ్ళకి బాంకు గుమ్మం ఎక్కి “చదువుకి అప్పివ్వండి” అనడం తట్టేదే కాదు.

ఆ గుమ్మం 2001లో బాగా తెరుచుకుంది. బాంకులన్నీ ఒక ఉమ్మడి నమూనా పథకం పెట్టుకున్నాయి. మన దేశంలో చదువుకి 7.5 లక్షలు, విదేశాల్లో చదువుకి 15 లక్షల దాకా అప్పు. 4 లక్షల వరకు తాకట్టు అక్కర్లేదన్నారు. అమ్మ చీరా అక్కర్లేదు, గాజులూ అక్కర్లేదు! తరవాత 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటును పెద్ద ఎత్తున విస్తరించారు. 2009లో కేంద్రం వడ్డీ రాయితీ ప్రకటించింది. ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ళ పిల్లలు వృత్తి విద్య చదివితే, చదువు కాలపు వడ్డీ ప్రభుత్వమే కడుతుంది. 2015లో దరఖాస్తులకి విద్యాలక్ష్మి పోర్టల్ వచ్చింది. 2024 నవంబరులో పి.ఎం. విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం తెలిపారు. ఎంపిక చేసిన మేలైన సంస్థల్లో సీటు వస్తే తాకట్టూ, మూడో మనిషి హామీ లేకుండా అప్పిస్తారు. 8 లక్షల లోపు ఆదాయమున్నవారికి 10 లక్షల అప్పు దాకా వడ్డీలో 3 శాతం తగ్గింపు ఉంది, వేరే స్కాలర్‌షిప్పో వడ్డీ రాయితీయో అందుకోకుండా ఉంటేనే.

తాకట్టు పోయింది సరే, పూచీ పోయిందా అంటే పోలేదు. పిల్ల పేరు పక్కన తల్లో తండ్రో సంతకం పెట్టాలి. అది సాక్షి సంతకం కాదమ్మా. పిల్లతోబాటు మనమూ అప్పుదారులమే. వాయిదాలు తప్పితే మన సిబిల్ లెక్క కూడా పాడవుతుంది, రేపు ఇంటికి అప్పు కావాలన్నా ఇబ్బందే.

ఇంకొకటి. “చదువయ్యేదాకా కట్టనక్కర్లేదు” అంటారు. కట్టనక్కర్లేదంటే వడ్డీ నడవదని కాదు. పాలవాడి లెక్కలాగే వేసి చూద్దాం. నాలుగేళ్ళ చదువుకి ఏడాదికి లక్ష, వడ్డీ నూటికి ఏడాదికి 10 రూపాయలు, చదువయ్యాక ఇంకో ఏడాది గడువు అనుకుందాం. మొదటి లక్షకి ఐదేళ్ళ వడ్డీ 50 వేలు, రెండోదానికి 40, మూడోదానికి 30, నాలుగోదానికి 20. మొత్తం లక్షా నలభై వేలు. కట్టడం మొదలుపెట్టేనాటికి 4 లక్షలు కాస్తా 5 లక్షల 40 వేలు అయి కూర్చుంటాయి. నెలనెలా వడ్డీ మాత్రం కట్టుకుంటూ పోతే అసలు పెరగదు. రాయితీకి అర్హత ఉంటే ఆ భారమే లేదు.

కాబట్టి బాంకుకి వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నలు మీరే అడగండి. వడ్డీ శాతం మారుతుందా, మారదా? వడ్డీ రాయితీకి ఈ కాలేజీ అర్హమేనా? ఆడపిల్లలకి తగ్గింపు ఉందా? చాలా బాంకులు అర శాతం తగ్గిస్తాయి, అడగందే చెప్పకపోవచ్చు. పాత పద్ధతిలో పన్ను కట్టేవారైతే, కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్ళ దాకా మినహాయింపు ఉంది, అదీ గుర్తు చెయ్యండి. అన్నిటికన్నా ముందు, ఆ కాలేజీలో చదివిన పిల్లలు ఎంత జీతాలు తెచ్చుకుంటున్నారో, నెల వాయిదా ఆ జీతంలో ఎంత భాగమో చూసుకోండి.

అన్నట్టు, కొడుకుకి అప్పు చేసి, కూతురికి మాత్రం “పెళ్ళి ఖర్చుంది కదా” అని దగ్గర్లో ఏదో డిగ్రీతో సరిపెట్టకండి. పిల్లల్లో ఎవరికి సీటు వస్తే వారి పేరునే అప్పిస్తోంది బాంకు. పెళ్ళికని దాచిన ఆ నాలుగు కాసులూ బీరువాలో అలాగే ఉండనివ్వండి. మీ అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని, ఇద్దరూ కలిసి ఆ దరఖాస్తు చదవండి.

మరి శలవు.